విక్టోరియా పబ్లిక్ హాలు

మద్రాసు సెంట్రల్ స్టేషన్‌లో రైలు దిగి, పూనమల్లి హైరోడ్డు వెంట పడమరగా నాలుగడుగులు వేస్తే, తెల్లటి రిపన్ భవనానికి ఇవతల ఒక ఎర్ర ఇటుకల కట్టడం కనిపిస్తుంది. పైన కేరళ గుళ్లను గుర్తుకు తెచ్చే కప్పుతో ఒక బురుజు, పక్కన సన్నని స్తంభాల వసారా ఉంటాయి. ఇదే విక్టోరియా పబ్లిక్ హాలు. మొదట్లో జనం దీన్ని టౌన్ హాలు అన్నారు. 1880ల చివర వాడుకలోకి వచ్చిన ఈ భవనం అర్ధశతాబ్దం పాటు మద్రాసుకు ప్రధాన నాటకశాల, సభామందిరం. ఆ నగరంలో సినిమా తొలి రోజులు గడిచిందీ ఇక్కడే. తర్వాత అద్దెకొంపగా మారి, పాడుబడి, దశాబ్దాల పాటు తాళం వేసి ఉండి, మళ్లీ సున్నం, ఇటుకలతో కోలుకుంది.

తమిళ నాటకరంగ చరిత్రలో ఈ హాలుకు ఉన్న పేరు అందరికీ తెలిసిందే. తెలుగువారి చరిత్రలో మాత్రం దీనికి రావలసినంత చోటు రాలేదు. దీనికి శంకుస్థాపన చేసింది విజయనగరం రాజు, కట్టినది తాటికొండవారి వంశీకుడు. బళ్లారి నుంచి వచ్చిన ఒక తెలుగు నాటక సమాజం ఈ వేదిక మీద ఆడిన ఆటలు చూసే తమిళ నాటకానికి పెద్దదిక్కయిన మనిషి నాటకంలోకి వచ్చాడు. తెలుగు సినిమా పితామహుడని పేరున్న తెలుగువాడు తన మాట్లాడే బొమ్మల యంత్రాన్ని జనానికి చూపించిందీ ఇక్కడే. అందుకే ఈ వ్యాసం ఆ వైపు కొంచెం ఎక్కువ సేపు నిలబడుతుంది.

ఊరికో సభాభవనం

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు పెద్ద రాజధాని. హైకోర్టు, విశ్వవిద్యాలయం, కళాశాలలు, పత్రికలు అన్నీ ఉన్నాయి. ఊరి ప్రజలు తమంతట తాము గుమికూడి మాట్లాడుకోవడానికి, వినోదం చూడడానికి మాత్రం తగిన చోటు లేదు. బాంక్వెటింగ్ హాలు ప్రభుత్వానిది. నాటకాలంటే తాత్కాలిక పందిళ్లు, కొట్టాలు. ఆ లోటు తీర్చాలని 1882 మార్చిలో పచ్చయప్ప హాలులో ఊరి పెద్దలు సమావేశమై, ప్రజల చందాలతో టౌన్ హాలు కట్టాలని నిర్ణయించారు. సంస్థానాధీశులు, జమీందార్లు, వర్తకులు విరాళాలు రాశారు. తిరువాంకూరు, మైసూరు, పుదుక్కోట, ఎట్టయపురం ఏలికల పేర్లు ఆ దాతల్లో వినిపిస్తాయి.

1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసినవాడు విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. అప్పటికి ఆయనకు ముప్పై మూడో ఏడు నడుస్తోంది, గద్దెనెక్కి నాలుగేళ్లయింది. ఈయన ఉత్సవానికి పిలిస్తే వచ్చి తాపీ పట్టుకుని వెళ్లే రాజు కాడు. సంస్కృతం, సంగీతం, ఇంగ్లీషు సాహిత్యం తెలిసినవాడు. విజయనగరంలో జగన్నాథ విలాసిని సభ ఈయన అండతోనే నాటకాలాడింది. 1892లో గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' మొదటిసారి రంగమెక్కించింది ఆ సభే. 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ అంకితమిచ్చినదీ ఈ రాజుకే. తన ఊళ్లో నాటకానికి చోటిచ్చిన మనిషి చేతి మీదుగానే మద్రాసు నాటకశాలకు కూడా పునాది పడింది. ఇందులో నాకు కాకతాళీయం కంటే ఆ రాజు అభిరుచే ఎక్కువ కనిపిస్తుంది.

స్థలం పీపుల్స్ పార్కులోది. గవర్నర్ ట్రెవెల్యన్ కాలంలో వేసిన ఆ ఉద్యానవనం అప్పట్లో ఊరికి పెద్ద షికారు చోటు. అందులోంచి 57 గ్రౌండ్లు, అంటే మూడెకరాల పైచిలుకు నేలను కార్పొరేషన్ టౌన్ హాలు ట్రస్టుకు 99 ఏళ్లకు కౌలుకిచ్చింది. గ్రౌండుకు ఎనిమిది అణాల అద్దె. కౌలు 1886 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ 99 అనే అంకె అప్పుడు ఎవరినీ కలవరపెట్టి ఉండదు. నూరేళ్ల తర్వాత ఈ భవనం బతుకును తలకిందులు చేసింది అదే. విక్టోరియా రాణి పాలనా స్వర్ణోత్సవం ఆ రోజుల్లోనే రావడంతో హాలుకు ఆమె పేరు పెట్టారు.

గీసినవాడు, కట్టినవాడు

నమూనా గీసింది రాబర్ట్ ఫెలోస్ చిషోమ్. మద్రాసు ప్రభుత్వానికి సలహాదారు వాస్తుశిల్పిగా పనిచేసిన ఆంగ్లేయుడు. మెరీనా ఒడ్డున సెనేట్ హౌసు, ప్రెసిడెన్సీ కాలేజి ఆయన గీసినవే. ఇక్కడి గోపురాలు, కమానులు, జాలీలను పడమటి కొలతలతో కలిపే ఇండో సారసెనిక్ పద్ధతికి తొలి గురువుల్లో ఆయనొకరు. తిరువనంతపురంలో నేపియర్ మ్యూజియం కట్టేటప్పుడు కేరళ కొయ్యకప్పుల అందానికి లోబడిపోయాడు. మద్రాసు హాలు బురుజు మీద కనబడే పిరమిడ్ ఆకారపు కప్పు ఆ మోజు నుంచి వచ్చిందే. నగరంలో అటువంటి కప్పు ఇంకెక్కడైనా వెతికి చూడండి, తేలిగ్గా దొరకదు.

కట్టింది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది. 1856లో పుట్టిన ఈ కాంట్రాక్టరు మద్రాసు రూపురేఖల్లో సగం తన చేతుల మీదుగా నిలబెట్టాడు. హైకోర్టు, ఎగ్మూరులో మ్యూజియం పక్కన ఉన్న విక్టోరియా స్మారక భవనం, ఇంకా ఎన్నో. ఆయన పేరు మీదనే చెట్‌పెట్ అనే పేట వెలిసిందని చెబుతారు. గణితవేత్త శ్రీనివాస రామానుజన్ తుది రోజులు గడిపిన ఇల్లు కూడా ఈయనదే. ఇంగ్లీషు వాస్తుశిల్పుల పేర్లు ఫలకాల మీద మిగిలాయి గాని, వాళ్ల గీతలను ఇటుకలుగా మార్చిన ఈ మేస్త్రీల పేర్లు చెప్పుకోవడం మనవాళ్లకు ఇంకా అలవాటు కాలేదు.

భవనం

రెండంతస్తులు. కింది అంతస్తు విస్తీర్ణం 13,342 చదరపు అడుగులు, పైది 12,541. ఒక్కో హాలులో ఆరువందల మంది కూర్చోవచ్చు. పై హాలులో తూర్పువైపు కొయ్యతో చేసిన బాల్కనీ ఉంది, అందులో మరో రెండువందల మందికి పైగా పడతారు. గోడలు ఎర్రటి ఇటుకవి, గానుగ సున్నంతో కట్టినవి. వసారా కమానులను మోసే సన్నని స్తంభాల తలలకు గ్రీకు కోరింథియన్ పద్ధతిలో ఆకుల చెక్కడం ఉంది. చూరు కింద నడిచే మట్టి పలకల అల్లికను దూరం నుంచి చూస్తే అరబ్బీ లిపిలో ఏదో రాసినట్టు తోస్తుంది.

మైకు లేని కాలం అది. పై హాలులో చివరి వరస దాకా మాట చేరాలి. ఎత్తయిన కప్పు, పొడవాటి గది, కొయ్య నేల, కొయ్య బాల్కనీ ఆ పనికి సాయపడేవి. గొంతు విప్పి పద్యం రాగయుక్తంగా పాడగలిగినవాడే ఆ రోజుల్లో నటుడు కావడానికి గల కారణాల్లో ఇలాంటి హాళ్ల కొలత కూడా ఒకటని నా నమ్మకం.

బళ్లారి సమాజం వచ్చింది

ఇక్కడ కథ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆధునిక తెలుగు నాటకం ఈ హాలుకు కొద్దిగా ముందు పుట్టింది. 1880లో ధార్వాడ నుంచి వచ్చిన ఒక నాటక కంపెనీ కోస్తా ఊళ్లలో ప్రదర్శనలిచ్చి వెళ్లింది. వాళ్లు వదిలి వెళ్లిన పాకలోనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం 'కీచకవధ' ఆడింది. అక్కడి నుంచి సురభి నాటక సమాజాల పరంపర మొదలైంది. ఊరూరా పందిరి వేసుకుని, తెరలు కట్టుకుని, ఆట ముగిశాక అవే బండ్లకెత్తుకుని వెళ్లే బతుకు వాళ్లది.

అదే దశకంలో బళ్లారిలో మరో రకం నాటకం తయారవుతోంది. బళ్లారి అప్పుడు మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. 1953లో మైసూరు రాష్ట్రానికి వెళ్లేదాకా తెలుగు, కన్నడం అక్కడ ఒకే వీధిలో వినపడేవి, ఇప్పటికీ వినపడతాయి. అక్కడి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ అనే సమాజాన్ని నడిపాడు. 'చిత్రనళీయం', 'విషాద సారంగధర' వంటి నాటకాలు రాసి, తానే ముఖ్య పాత్రలు వేసేవాడు. సుఖాంతమే ధర్మమనుకునే రోజుల్లో కథను కన్నీళ్లలో ముగించిన ధైర్యం ఆయనది. పద్యాన్ని నటన మధ్యలో పాడే వరవడి ఆయన దగ్గర్నుంచే స్థిరపడింది. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు అందుకే వచ్చింది. అదే బళ్లారిలో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పెట్టి చారిత్రక నాటకాలు రాశాడు. ఒకే ఊళ్లో ఇద్దరు వకీళ్లు, రెండు సభలు, పోటాపోటీ. ఆ పోటీ వల్ల లాభపడింది తెలుగు నాటకమే.

1891లో రామకృష్ణమాచార్యుల సమాజం మద్రాసు వచ్చి విక్టోరియా హాలులో తెలుగు నాటకాలాడింది. ప్రేక్షకుల్లో పమ్మల్ సంబంద ముదలియార్ అనే పద్దెనిమిదేళ్ల తమిళ కుర్రవాడు ఉన్నాడు. వీధి నాటకాలంటే అతనికి చిన్నచూపు. చదువుకున్నవాళ్లు మొహానికి రంగు పూసుకోవడం మర్యాద కాదని అందరిలాగే అతనూ అనుకునేవాడు. వేదిక మీద వకీళ్లు, ఉద్యోగస్తులు, గౌరవనీయులైన పెద్దమనుషులు వేషాలు కట్టి ఆడడం చూశాడు. ఆ చూపుతో అతని ఆలోచన మారిపోయింది. తెలుగువాళ్లు చేయగలిగింది మనం తమిళంలో ఎందుకు చేయలేమన్న పట్టుదల పుట్టింది. ఆ ఏడాది జూలై 1న మరికొందరు మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ స్థాపించాడు. ఆ సంగతి అతనే తన రంగస్థల జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. తమిళ నాటక చరిత్రకారులు దాన్ని దాచలేదు. మనమే పెద్దగా పట్టించుకోలేదు.

సంబంద ముదలియార్ తర్వాత న్యాయమూర్తి అయ్యాడు. కోర్టు పని చేస్తూనే తొంభైకి పైగా నాటకాలు రాశాడు, వాటిలో 'మనోహర' ఇప్పటికీ తమిళుల ఇంటింటా తెలిసిన పేరు. 1959లో పద్మభూషణ్ అందుకుని 1964లో కన్నుమూశాడు. సుగుణ విలాస సభ 1902 నుంచి 1936 దాకా ఈ హాలులోనే ఉంది. తమిళ నాటకాలతో పాటు తెలుగు, కన్నడం, సంస్కృతం, ఇంగ్లీషు నాటకాలు కూడా ఆ సభ ఆడింది. మాతృభాష ఏదైనా, వేషం కట్టగల ఔత్సాహికుడికి తలుపు తెరిచిన సభ అది. 1936లో మౌంట్ రోడ్డుకు తరలిపోయాక హాలు నుంచి నాటకం కూడా మెల్లగా తరలిపోయింది.

బళ్లారి తరం ఆగలేదు. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు రాఘవాచార్యులు, లోకానికి బళ్లారి రాఘవ, మేనమామ వేసిన దారిలో ఇంకా ముందుకు నడిచాడు. 1880లో తాడిపత్రిలో పుట్టి, 1946లో పోయాడు. వృత్తికి వకీలు. పాట తగ్గించి మాటకూ ముఖకవళికలకూ ప్రాణం పోసిన నటుడు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టిన తొలితరం వాళ్లలో ముఖ్యుడు.

మాట్లాడే బొమ్మలు

నాటకం ఇలా రంగస్థలం మీద నిలదొక్కుకుంటుండగానే అదే గదిలోకి దాని ప్రత్యర్థి అడుగుపెట్టింది. మద్రాసులో తొలి చలనచిత్ర ప్రదర్శన 1896 డిసెంబరులో ఈ హాలులోనే జరిగింది. లూమియేర్ సోదరులు ప్యారిస్‌లో బొమ్మలు చూపించి అప్పటికి ఏడాదే. గుర్రం పరుగెత్తడం, రైలు రావడం, అల లేచి విరగడం లాంటి ఒక్కొక్క నిమిషపు ముక్కలే అప్పటి సినిమాలు. ఊరు వచ్చి చూసి ఆశ్చర్యపోయి ఇంటికి వెళ్లింది.

ఆశ్చర్యపోయి ఇంటికి వెళ్లని మనిషి రఘుపతి వెంకయ్య నాయుడు. మచిలీపట్నంలో 1869లో పుట్టి, మద్రాసులో ఫోటో స్టూడియో నడిపాడు. క్రోనోమెగాఫోన్ అనే యంత్రం గురించి విన్నాడు. బొమ్మ తెర మీద కదులుతుంటే గ్రామఫోను పళ్లెం దానికి జతగా మాట్లాడే ఏర్పాటు అది. స్టూడియో తాకట్టు పెట్టి, ముప్పైవేల రూపాయలు పోసి, ఆ యంత్రాన్ని విదేశం నుంచి తెప్పించాడు. 1910 ప్రాంతంలో విక్టోరియా హాలులో ఆ ప్రదర్శనలు పెట్టాడు. ఆ తర్వాత టెంటు వేసుకుని ఊళ్లు తిరిగాడు, సముద్రం దాటి రంగూన్, సింహళం దాకా వెళ్లాడు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. దక్షిణ భారతదేశంలో ఒక భారతీయుడు కట్టిన తొలి సినిమా హాళ్లలో అదొకటి. క్రౌన్, గ్లోబ్ తర్వాత వచ్చాయి. కొడుకు ప్రకాష్‌ను విదేశాలకు పంపి చదివించి, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ స్టూడియో పెట్టించి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీయించాడు. తెలుగు సినిమా రంగంలో విశిష్ట సేవకు ఇచ్చే రఘుపతి వెంకయ్య పురస్కారం ఆయన పేరు మీదే.

ఈ వరస గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. నాటకం కోసం కట్టిన హాలు సినిమాను పెంచింది, పెరిగిన సినిమా సొంత ఇల్లు కట్టుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నాటకం ప్రేక్షకులను కూడా వెంట తీసుకుపోయింది.

సభలు

హాలులో ఉపన్యాసాల జాబితా పెద్దది. షికాగో నుంచి తిరిగి వచ్చిన స్వామి వివేకానంద 1897 ఫిబ్రవరిలో ఇక్కడ తన కార్యప్రణాళిక మీద మాట్లాడారు. గాంధీజీ, గోఖలే, సుబ్రహ్మణ్య భారతి ఇక్కడి శ్రోతల ముందు నిలబడ్డారు.

శిథిలం

1936 తర్వాత హాలుకు నిత్యం వచ్చే నాటక సమాజం లేదు. పెళ్లిళ్లు, చిన్న సభలు, ప్రదర్శనలు, అద్దెలు వచ్చాయి. నగరం పెరిగింది, ముందు ఆవరణలో హోటళ్లు, దుకాణాలు వెలిశాయి. రోడ్డు మీద వెళ్లేవాడికి చూపు ఆనకుండా భవనం వాటి వెనక దాక్కుంది. 1985లో రెండు సంగతులు ఒక్కసారిగా జరిగాయని ఆ పరిసరాల వాళ్లు గుర్తుచేసుకోవచ్చు. పక్కన ఉన్న మూర్ మార్కెట్ కాలిపోయింది. 1900లో తెరిచిన ఆ పాత పుస్తకాల లోకం బూడిదైంది. అదే ఏడాది టౌన్ హాలు ట్రస్టు 99 ఏళ్ల కౌలు గడువు తీరింది. ఆ తర్వాత కార్పొరేషన్‌కూ ట్రస్టుకూ మధ్య వ్యవహారం కోర్టులకెక్కి, ఏళ్లపాటు సాగింది.

స్వంతదారు ఎవరో తేలని భవనం ఎలా పాడవుతుందో తెలుగు ఊళ్ల పాత దేవిడీలు చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. మొదట కప్పు మీద నీళ్లు నిలుస్తాయి. తూములు మూసుకుంటాయి. కాకి వేసిన గింజలోంచి రావి, మర్రి మొలుస్తాయి. ఆ మొక్క వేరుకు సున్నం గోడ చాలా ఇష్టం. మెత్తగా ఉంటుంది, తేమ ఉంటుంది. ఇటుకల మధ్య సందుల్లోకి దూరి, లావెక్కి, గోడను చీల్చుతుంది. పైకి మొక్క కోసేస్తే సరిపోదు, వేరు లోపల మళ్లీ చిగురుస్తుంది. మరోవైపు కొయ్య దూలాలకు చెదలు, కప్పుకు పగుళ్లు. తొందరపడి ఎవరో సిమెంటుతో పూసిన అతుకులు ఇంకో కీడు చేస్తాయి. సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది. లోపలి తేమను బయటికి వదులుతుంది. సిమెంటు పొర ఆ దారి మూసేస్తే తేమ ఇటుకలోనే ఉండిపోయి, ఉప్పు పేరుకుని, ఇటుక ముఖం పొట్టులా రాలిపోతుంది.

పునరుద్ధరణ

ఇరవై ఒకటో శతాబ్దం మొదటి దశకంలో కార్పొరేషన్ భవనాన్ని తన చేతిలోకి తీసుకుని, ముందు ఆవరణలోని దుకాణాలను తొలగించింది. పనులు మొదలై ఆగాయి. ఎదురుగా మెట్రో భూగర్భ స్టేషన్ తవ్వకం సాగినన్నాళ్లూ భవనం దుమ్ములో ఎదురుచూసింది. చివరికి సింగార చెన్నై 2.0 పథకం కింద 32.62 కోట్ల రూపాయల అంచనాతో 2023లో పునరుద్ధరణ మొదలైంది. ప్రదర్శనశాలగా, మ్యూజియంగా వాడుకలోకి తేవాలన్నది ఉద్దేశం.

ఇటువంటి పనిలో అన్నిటికంటే కష్టమైనది పాత వస్తువును పాత పద్ధతిలో తిరిగి చేయడం. గానుగ సున్నం అంటే సున్నాన్ని ఇసుకతోనో ఇటుక పొడితోనో కలిపి, గానుగలో ఎద్దులు తిప్పే బండ కింద మెదిపి తీసినది. ఇప్పుడు ఎద్దుల చోట మోటారు వచ్చింది. సున్నాన్ని నీళ్లలో నానబెట్టి రోజుల తరబడి మాగనివ్వాలి. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలిపితే పూత గట్టిపడి నునుపు వస్తుందని తాపీమేస్త్రీలు తరతరాలుగా చెప్పే మాట. ఒక్కొక్క పొర వేసి, అది ఆరేదాకా ఆగి, ఇంకొకటి వేయాలి. ఎండలో తొందరపడితే బీటలు వారుతుంది. మూడు నెలల్లో ముగించాలన్న గుత్తేదారుకు ఈ సహనం ఉండదు. పాత భవనాల మరమ్మతులు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే.

కప్పు సంగతి వేరు. మద్రాసు టెర్రస్ అని పేరుపడిన ఆ పద్ధతిలో టేకు దూలాల మీద సన్నని పలకల లాంటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంలో పేరుస్తారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన గచ్చు వేసి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్య బడితెలతో కొట్టి కొట్టి గట్టిపరిచేవారు. ఆ పైన పలకలు. దూలం ఒక చోట చీకినా కప్పు మొత్తం కూలదు, ఆ భాగం విప్పి కొత్తది అమర్చవచ్చు. అలా విడి విడిగా బాగుచేసుకోగలగడం ఈ కప్పుకున్న పెద్ద బలం. దాన్ని తీసేసి కాంక్రీటు పలక పోస్తే, పని సులువవుతుంది గాని ఆ పలక బరువు పాత ఇటుక గోడలు మోయాలి. అవి అందుకు కట్టినవి కావు.

ఇక నాటకశాలగా తిరిగి తెరవాలంటే కొత్త కాలపు అవసరాలు కూడా ఉన్నాయి. మంటలు రేగితే బయటపడే దారులు, విద్యుత్తు, గాలి చల్లబరిచే యంత్రాలు, వేదిక వెనక మరుగుదొడ్లు. ఎయిర్ కండిషనర్ గొట్టాలను పాత కమానుల మధ్య చూపుకు అడ్డు లేకుండా ఎక్కడ నడపాలన్నది ఒక్కో పునరుద్ధరణకర్తా తనకు తాను తేల్చుకోవలసిన ప్రశ్న. ముంబైలో 1993లో మూతపడిన రాయల్ ఒపేరా హౌస్‌ను వాస్తుశిల్పి ఆభా నరైన్ లాంబా చేతుల మీదుగా బాగుచేసి 2016లో తిరిగి తెరిచారు. 1887లో కట్టిన సిమ్లా గెయిటీ థియేటర్ కూడా మళ్లీ నాటకాలకు వేదికైంది. ఆ సిమ్లా హాలు గీసిన హెన్రీ ఇర్విన్ మద్రాసుకు కూడా వచ్చి, ఎగ్మూరు మ్యూజియం థియేటర్ కట్టించాడు. 1896 నాటి ఆ చిన్న అర్ధవలయపు రంగశాల వాడుకలో నిలిచింది. తలుపు రోజూ తెరుచుకుంటే కప్పు కారడం ముందుగానే కంటపడుతుంది.

ఇతర నగరాల హాళ్లు

తెలుగు నేల మీద ఇంతటి పాత నాటకశాల నేటికీ నిలిచి ఉన్న ఉదాహరణలు అరుదు. 1921లో విజయవాడలో తెరిచిన మారుతీ సినిమా హాలు లాంటివి కాలగర్భంలో కలిశాయి. హైదరాబాదులో రవీంద్రనాథ ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో తెరిచిన రవీంద్ర భారతి స్వాతంత్ర్యానంతరం కట్టిన హాళ్లలో ముఖ్యమైనది. అది కూడా ఇప్పటికి అరవై ఏళ్లు దాటింది.

తెలుగువారు వలస వెళ్లిన ఊళ్లలో పరిస్థితి వేరు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఇందుకు మంచి ఉదాహరణ. సోవియట్ రష్యా సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న మొదలైంది. రాయపూర్ నుంచి తిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరం చేరే రైలు మార్గం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలనూ మేస్త్రీలనూ అక్కడికి తెచ్చింది. వాళ్లలో చాలామంది కర్మాగారపు సెక్టార్లలో, మరికొందరు వాటి బయట సుపేలా, కోహ్కా వైపు స్థిరపడ్డారు. అక్కడ సభాభవనం కోసం ఎవరూ చందా రాయలేదు. పట్టణం ప్లానులోనే దానికి చోటుంది. సెక్టార్-1లో నెహ్రూ సాంస్కృతిక సదనం, సివిక్ సెంటర్‌లో కళామందిర్ కర్మాగారపు పట్టణంతో పాటు వచ్చినవి. సెక్టార్ ప్లానులో ఆసుపత్రి, బడి పక్కన సభాభవనానికీ ఒక గడి ఉంది. అటు పక్కనే గనియారి గ్రామంలో పుట్టి, ఇదే కర్మాగారంలో ఉద్యోగం చేసిన తీజన్ బాయి, తంబూరా ఒక్కటి చేతబట్టి పండవానీ అనే భారతకథాగానం పాడుతూ ప్రపంచమంతా తిరిగింది. రాయపూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులను తీసుకుని నాటకం ఆడించి, వాళ్ల భాషను, వాళ్ల ఆటను దేశమంతా చూపించాడు. వాళ్లకు చిషోమ్ గీసిన బురుజు అవసరం లేకపోయింది. అయినా భిలాయి హాళ్లు కూడా మెల్లగా పాతబడుతున్న తరానివే. వాటిలో ఉన్నది సున్నం కాదు, కాంక్రీటు. కాంక్రీటులో ఇనుప కడ్డీ తుప్పు పట్టి ఉబ్బితే పైపొర పెచ్చులుగా ఊడుతుంది. దాన్ని బాగుచేసే పద్ధతి వేరు, గానుగ తిప్పే మేస్త్రీకి తెలిసిన విద్య అక్కడ పనికిరాదు.

బళ్లారి మాత్రం తన నటుణ్ణి మర్చిపోలేదు. మద్రాసులో సరస వినోదినీ సభ ఆడిన ఆ రాత్రుల తర్వాత చాలా దశాబ్దాలకు, ఊళ్లో రాఘవ కళామందిరం వెలిసింది. కర్ణాటకలో చేరిపోయిన ఆ నగరంలో, ఆ వేదిక మీద తెలుగు నాటకాలూ కన్నడ నాటకాలూ రెండూ ఆడుతున్నారు.